పరిగె సాళ్లు

మా పొలం ఎకరం డెబ్బై ఐదు సెంట్లు. తూర్పు హద్దు పొడవు ఎనభై ఒక్క మీటర్లు. ఆ హద్దు మీద నేను తీసిన కొలతలో రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉండదు. ఒట్టు పెట్టడం మా ఇంట్లో నిషిద్ధం కాబట్టి ఒట్టు వేయను గాని, ఆ మాట మీద ఈనాటికీ నిలబడగలను. కొలత సరైనది. దాన్ని చేతిలో పెట్టుకుని నేను చేసిన పని గుర్తొస్తే మాత్రం, గదిలో ఎవరూ లేకపోయినా తల దించుకుంటాను.

నేను రోడ్లు వేసే ఒక కంపెనీలో సర్వేయర్‌ని. నాన్న రైతు. చిల్లకల్లులో బస్సు దిగి, హైవే దాటి, లోపలికి మూడు కిలోమీటర్లు వెళితే మా ఊరు. నల్లరేగడి నేల. పత్తి వేస్తాం, ఎప్పుడైనా మిర్చి, గట్ల వెంట కంది. సాగర్ కాలువ నీళ్లు మా మెరకకు ఎక్కవు. వానే ఆధారం.

జూన్‌లో విత్తనాలు కొన్నాక నాన్న వాటిని నేరుగా పొలానికి తీసుకెళ్లేవారు కాదు. ఆదివారం ఒక స్టీలు గిన్నెలో పోసి, ఉతికిన తువ్వాలు కప్పి, చర్చిలో ప్రసంగ వేదిక ముందు పెట్టేవారు. మా సంఘంలో రైతులందరూ అలాగే పెడతారు. ప్రార్థన అయ్యాక ఎవరి గిన్నె వారు తీసుకెళ్లాలి. ఒక ఏడు గిన్నెలు తారుమారై మా విత్తనాలు వేరొకరింటికి, వారివి మా ఇంటికి చేరాయి. నాన్న వెనక్కి మార్చుకోలేదు. “ప్రార్థన రెంటికీ జరిగిందిగా” అన్నారు. ఆ ఏడు మాది సరిగా పండలేదు. ఆ మాట పట్టుకుని అమ్మ ఆయన్ని చాలాకాలం దెప్పింది.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆయన ఒక వరుస తప్పేవారు కాదు. ముందు అమ్మ, తర్వాత నేను, తర్వాత మా గేదె, ఆ తర్వాత ఊళ్లో జబ్బుపడ్డవాళ్లు. గేదె కంటే ముందున్నందుకు సంతోషించాలో, గేదె పక్కనే ఉన్నందుకు బాధపడాలో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టెముక్కల పళ్లెం, ద్రాక్షరసం పోసిన చిన్న గాజు గ్లాసుల పళ్లెం చాపల మీద కూర్చున్న వరుసల వెంట చేతులు మారుతూ వెళతాయి. ఆరాధన ముగిశాక ఆ గ్లాసులు కడిగే పని నాన్నది. మొత్తం అరవై నాలుగు గ్లాసులు. ఆయన చేతిలో ఒక్కటీ పగల్లేదు. ఇతరుల చేతుల్లో మూడు పగిలాయి. ఎవరెవరి చేతుల్లో పగిలాయో ఆయనకు తెలుసు. ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. బల్ల విషయంలో మా సంఘంలో ఒక కట్టడి ఉంది. ఎవరితోనైనా కలత ఉంటే ముందు వెళ్లి సమాధానపడాలి, ఆ తర్వాతే పళ్లెంలో చెయ్యి పెట్టాలి. చాలామందికి అది ప్రసంగంలో విని తలాడించే మాట. నాన్నకు అది వరుసలో కూర్చునే ముందు తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న.

కోత అయ్యాక చేలో మిగిలింది లేనివాళ్లు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. పత్తిలో అయితే చివరి తీత తర్వాత కొమ్మల మీద మిగిలినది వాళ్లది. నాన్న మిగిలినదానితో సరిపెట్టలేదు. తూర్పు గట్టు వార రెండు సాళ్లు మొదటి తీత నుంచే ముట్టుకోకుండా వదిలేసేవారు. విత్తేది, కలుపు తీసేది, మందు కొట్టేది మేమే. తీసుకునేది మేం కాదు. విజయవాడలో డిప్లొమా రెండో ఏడు చదువుతున్నప్పుడు ప్రాక్టీసు కోసం మా పొలాన్నే టేపుతో కొలిచాను. రెండో కొస నాన్న పట్టుకున్నారు. ఇంకొంచెం ఇటు అంటే ఇటు జరిగారు, ఇంకొంచెం అటు అంటే అటు జరిగారు. నేను లెక్కలో పడి ఆయన్ని మరిచిపోయి చాలాసేపటికి తలెత్తితే, ఎండలో ఆ కొస పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

“వదిలెయ్యొచ్చుగా నాన్నా.”

“నువ్వు వదలమనలేదుగా అమ్మా.”

ఆ రోజు నా ఫీల్డ్ బుక్‌లో తూర్పు అంచున పెన్సిలుతో రెండు గీతలు గీసి, పక్కన ‘పరిగె సాళ్లు’ అని రాసుకున్నాను. సాలుకూ సాలుకూ మధ్య నూట ఇరవై సెంటీమీటర్లు అని కూడా రాసుకున్నాను. అందువల్ల తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

మా తూర్పు పక్కన పాతిక సెంట్ల చెక్క ఉంది. దాని యజమానురాలు భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. నాన్న ఆమెను అక్కా అని పిలిచేవారు. ఆ వరుసన నాకు అత్త. నన్ను కోడలా అనేది. పరిగె సాళ్లలో పత్తి తీసుకునేది ఎక్కువగా ఆమే. మా చర్చిలోనే, ఆడవాళ్ల వైపు స్తంభానికి ఆనుకుని కూర్చునేది.

ఊళ్లో భూముల రీసర్వే మొదలైనప్పుడు నేను సెలవు పెట్టి వచ్చాను. రమ్మని ఎవరూ అడగలేదు. ఒక్క టేపు కొసతో మొదలైన చదువు ఎంతవరకు వచ్చిందో మా పొలంలోనే నిలబడి చూపించుకోవాలనే కోరిక ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. జులై చివరి శుక్రవారం పొద్దున్న పొలంలో గ్రామ సర్వేయరు, నాన్న, అత్త, చుట్టుపక్కల రైతులు ఏడెనిమిది మంది ఉన్నారు. పాత పటంలోని కొలతల ప్రకారం లెక్కకట్టి చూశాను. మా తూర్పు హద్దు ఇప్పుడున్న గట్టు దగ్గర లేదు. గట్టుకు అవతల, అత్త వేసిన కంది మొక్కల మధ్య, రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఉన్న నేల నాలుగు సెంట్ల ఎనభై, అంటే ఐదు సెంట్లకు కాస్త తక్కువ.

గ్రామ సర్వేయరు మర్యాదగానే అన్నారు. “ఇద్దరూ ఒప్పుకుంటే గట్టు ఉన్నచోటే రాసుకుంటానండి. మీ నాన్నగారు సరేనన్నారు కూడా.”

“ఒప్పుకునేదేముందండి? కొలత ఉంది కదా” అన్నాను. అని, అత్త వైపు తిరిగాను. “ఏం అత్తా, గట్టుకి కాళ్లొచ్చాయా? ఏడాదికో జానెడు నడిచినట్టుందే!”

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు హాయిగా ఉంది.

“నా కాళ్లే సరిగ్గా నడవట్లా కోడలా, గట్టెక్కడ నడిచిద్ది!” అంది అత్త.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నా మీదికి వచ్చినట్టు తోచింది. ఆమె నాతో సరసమాడిందని, వరుసైన మనిషిగా నా మాటకు మాట కలిపిందని గ్రహించే తెలివి ఆ క్షణంలో లేకపోయింది.

“అది నడవకపోతే దొంగతనంగా జరిపిందెవరు మరి?” అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. అత్త నా వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది.

“నేనే జరిపానమ్మా,” అన్నారు నాన్న. “అది నేనొదిలిందే.”

“నాన్నా, నువ్వుండు. నీకు లెక్క తెలీదు.”

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే ఆ పద్ధతిలోనే వేశారు. తర్వాత నేను చూపించిన చోట సంతకం పెట్టారు. రాయి పాతారు. ఆ రాయికి ఇవతల, అంటే మా వైపు, అత్త విత్తిన కంది మోకాలెత్తున ఉంది. ఆమె కొంగు దులుపుకుని, ఆ మొక్కల్లోంచి కాకుండా చుట్టూ తిరిగి, డొంక దారిన ఇంటికి వెళ్లిపోయింది.

రెండు మీటర్ల నలభై. రెండు సాళ్లు, సాలుకు నూట ఇరవై. ఇంతకాలం అంకెల మీద బతికిన నాకు ఆ అంకె ఏమిటో తట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. తట్టాక కూడా ఎవరితోనూ అనలేదు.

ఆ ఆదివారం ఆగస్టులో మొదటిది. బల్ల ఉంది. స్తంభం దగ్గర అత్త చోటు ఖాళీగా ఉంది. మగవాళ్ల వైపు రెండో వరుసలో నాన్న దగ్గరికి రొట్టె పళ్లెం వచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కాయనకు అందించారు. గ్లాసుల పళ్లెం కూడా అలాగే దాటించారు. నా పక్కన అమ్మ మెడ చాచి అటు చూసింది. ఆరాధన అయ్యాక గ్లాసులు ఇంకెవరో కడిగారు. బల్లలో పాలుపంచుకోని మనిషి ఆ గ్లాసులు ముట్టుకోడు.

ఇంటికి వస్తుంటే దారిలోనే అమ్మ అందుకుంది. “ఏందయ్యా, బల్ల ముట్టలా?”

“కడుపులో బాలేదు.”

“రొట్టె ముక్క వేలిగోరంత లేదు. దానికి కడుపేం చేసిద్ది?”

ఆయన ముందుకు నడిచారు. మధ్యాహ్నం నేను బయల్దేరే ముందు పాకలో గేదెకు మేత వేస్తున్నారు. అక్కడ అడిగాను. ఆయన నా వైపు తిరగకుండా, మేత సర్దుతూ చెప్పారు. “అక్క దగ్గరికి నిన్ననే ఎల్లొచ్చా. ఎప్పట్లాగే చేసుకోమన్నా. రాయి పాతినాక ఎట్టా అడుగు పెడతా తమ్ముడూ అంది. ఆమెకి మన మీద కలతుంది. అది తీరందే నేను చెయ్యి పెట్టకూడదమ్మా.”

“అన్నది నేను కదా. నువ్వేం చేశావు?”

“నువ్వు నా తరపునేగా మాట్టాడింది.” చేతులకంటిన మేత దులుపుకున్నారు. “ఒకసారి ఎల్లి కనపడి రా. ఒక్క మాట చాలు.”

బస్సు వేళ అవుతోందని, వచ్చే నెల వచ్చినప్పుడు తప్పకుండా వెళతానని చెప్పాను. చిల్లకల్లులో బస్సు గంటకు నాలుగైనా దొరుకుతాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

సెప్టెంబరులో రాలేదు. అక్టోబరులో రాలేదు. నవంబరులో ఒక వంతెన దగ్గర మట్టాలు చూడాల్సిన పని పడింది. మూడు నెలలకూ నా దగ్గర మూడు కారణాలు ఉన్నాయి, మూడూ నిజమైనవే. వాటి అడుగున ఉన్నది వేరు. నా కొలత తప్పని ఎవరూ అనలేరు. సరైన కొలత తీసిన మనిషి క్షమించమని ఏ పదాలతో అడగాలో నాకు చేతకాలేదు, నేర్చుకోవాలనీ ప్రయత్నించలేదు. ఫోనులో నాన్న ఆ ఊసెత్తేవారు కాదు. వీలు చూసుకుని రమ్మనేవారు, అంతే. అమ్మ మాత్రం అక్టోబరులో ఏడ్చింది.

“మీ నాన్న మందు అలవాటు చేసుకున్నాడంట. అందుకే బల్ల ముట్టట్లేదంట. కుళాయి కాడ అనుకుంటన్నారే. పాస్టరుగారు ఇంటికొచ్చి అడిగితే, నాలో ఒక సంగతుందండీ, సరిచేసుకోవాలి అన్నాడు. ఏం సంగతో చెప్పి చావొచ్చుగా!”

ఆయన చెప్పలేదు. చెబితే నా పేరు చెప్పాలి. గ్లాసులు పగలగొట్టిన ముగ్గురి పక్కన నన్ను చేర్చుకుని, ఊరందరి ముందు తాగుబోతుగా నిలబడ్డారు. ఇది విన్నాక కూడా నేను సెలవు పెట్టలేదు.

నవంబరు చివరి వారంలో పత్తి తీస్తూ చేలోనే కూలబడ్డారు. నందిగామ ఆసుపత్రికి తీసుకొచ్చారు. గుండె బలహీనంగా ఉందని, ఒక రోజు చూసి విజయవాడ పంపుతామని డాక్టరు చెప్పారు. నేను పొద్దున తొమ్మిదింటికి చేరాను. పది గంటలకు పాస్టరుగారు మోటారు సైకిలు మీద వచ్చారు. జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి బల్ల తీసుకెళ్లే చిన్న పెట్టె ఆయన చేతిలో ఉంది. మంచం పక్కన స్టూలు మీద గుడ్డ పరిచి పెట్టె తెరిచారు. నాన్న ఆ రొట్టె వైపు చాలాసేపు చూశారు. తర్వాత తల అడ్డంగా ఊపి, నా వైపు చూశారు. ఆ చూపులో కోపం కొంచెమైనా ఉంటే నాకు తేలికగా ఉండేది.

“వెళ్లొస్తాను నాన్నా. ఇప్పుడే.”

“ఎల్లు” అన్నారు.

పాస్టరుగారికి పరిటాలలో చనిపోయిన ఒకరి భూస్థాపన కార్యక్రమం ఉంది. మర్నాడు ఎనిమిదింటికి మళ్లీ వస్తానని చెప్పి, పెట్టె మూసుకుని వెళ్లారు. నేను బస్సెక్కి, చిల్లకల్లులో దిగి, ఆటో మాట్లాడుకుని అత్త ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చేటలో పెసలు బాగుచేసుకుంటోంది. చేట కింద పెట్టలేదు.

“అత్తా, నాన్న నందిగామ ఆసుపత్రిలో ఉన్నాడు.”

“తెలుసు. మీ అమ్మ చెప్పింది.”

“ఆ రోజు నేనన్న మాట తప్పు.”

“ఏ మాట?”

తెలియక అడగలేదు. నా నోటితో అనిపించాలని అడిగింది. అడిగే హక్కు ఆమెకుంది.

“దొంగతనం అన్నాను.”

“అదా. గట్టుకి కాళ్లొచ్చినయ్యన్నావు చూడు, దానికి నాకూ నవ్వొచ్చింది. రెండోదానికి రాలా.” పెసల్లోంచి ఒక రాయి ఏరి పక్కన వేసింది. “కొలత తప్పొచ్చిందా ఏంది?”

“లేదు. కొలత సరిగ్గానే వచ్చింది. ఆ రెండు సాళ్లు ఎవరివో నాకు కొలవక ముందే తెలుసత్తా. పుస్తకంలో రాసుకున్నా కూడా.”

ఆమె లేచింది. చేట లోపల పెట్టి, తలుపుకు గొళ్లెం వేసింది. “చెప్పులేసుకోనియ్యి” అంది.

బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నందిగామ వచ్చేదాకా ఆమె మాట్లాడింది ఒక్కసారే. “పరిగేరుకోవాలంటే నాకు సిగ్గుగా ఉండేది కోడలా. ఎవరూ లేనప్పుడు చూసుకుని వచ్చేదాన్ని. మీ నాన్న కనిపెట్టాడు. ఏరేదేందక్కా, నీ చేలో కలుపుకుని నువ్వే విత్తుకో అన్నాడు. గట్టు ఆయనే పారతో మీ వైపుకి జరిపాడు, నేను కాదు.”

అంటే ఆయన ఆ గట్టు జరిపింది ఒక మనిషి సిగ్గుపడకుండా ఉండేందుకు. నేను ఆ సిగ్గును పది మందిలో ఆమెకు తిరిగి ఇచ్చాను.

వార్డులో నాన్న కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశారు. “వచ్చావా అక్కా.”

“రాకేం చేస్తా. నీ కూతురు కిటికీ పక్క సీటిచ్చి మరీ తీసుకొచ్చింది.”

ఆయన నవ్వారు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని, కొంచెం ఏదైనా పెట్టమని నర్సు చెప్పింది. గేటు ముందు కొట్లోంచి టీ, బన్ను తెచ్చాను. అత్త నా చేతిలోంచి బన్ను లాక్కుని, ముక్క తుంచి, టీలో ముంచి ఆయన నోట్లో పెట్టింది. ఆయన తిన్నారు. రెండో ముక్క కూడా తిన్నారు. అది బల్ల కాదు. ఆ తేడా నాకంటే ఆయనకు బాగా తెలుసు. “రేపు పాస్టరుగారొస్తారుగా” అన్నారు, తింటూనే.

పాస్టరుగారు ఎనిమిదింటికి వస్తారు. నాన్న తెల్లవారుజామున ఐదుంబావుకు పోయారు. తేడా రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. ఆగస్టు మొదటి ఆదివారం మధ్యాహ్నం, బస్సు వేళ అవుతోందని చెప్పిన ఆ రోజు, అత్త ఇల్లు మా పాక నుంచి నూట యాభై అడుగుల్లో ఉంది. నేను వేసుకున్న లెక్కలన్నిటిలోనూ తిరిగి తిరిగి చూసుకునేవి ఈ రెండే.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు, ఆ నాలుగు సెంట్ల ఎనభై ఆమె పేర రాయిస్తానని అత్తతో అన్నాను. “కాయితం వద్దు తల్లీ,” అంది. “కాయితముంటే నువ్వు మళ్లీ కొలుస్తావు. నా కంది నన్ను కోసుకోనియ్యి, చాలు.” రాయి అక్కడే ఉంది. దాన్ని తీసేసే హక్కు చట్టప్రకారం నాకు లేదు. ఆమె కొడవలి పట్టుకుని దాన్ని దాటి వస్తుంది.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో స్తంభం దగ్గర అత్త కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. నాన్న నా వల్ల నాలుగు బల్లలు, ఆసుపత్రిలోది కలిపితే ఐదు, పోగొట్టుకున్నారు. నాకు బల్లలో పాలుపంచుకునే అర్హత లేదని నిశ్చయించుకునే వచ్చాను. పళ్లెం ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె తన ముక్క తీసుకుని నా వైపు చాపింది. అందుకుని పక్కకు దాటించాలని రెండు చేతులూ ముందుకు పెట్టాను. ఆమె పళ్లెం వదల్లేదు. రెండో అంచు పట్టుకుని అలాగే ఉంది. వెనక వరుసలో ఎవరో సర్దుకుని కూర్చున్న చప్పుడైంది. మగవాళ్ల వైపు నుంచి అందరూ చూస్తున్నారని తెలుస్తోంది.

“తీసుకో కోడలా,” అంది నెమ్మదిగా. “చెయ్యి నొప్పెడతంది.”

తీసుకున్నాను. తల ఎత్తలేదు.